పిల్లలతో లాంచీ ప్రయాణమా? ముందు ఇవి చూసుకోండి

"డాక్టరుగారూ, గోదాట్లో తిమింగలాలుంటాయా?"

ఈ ప్రశ్న వేసింది తొమ్మిదేళ్ళ అమ్మాయి. పక్కన తల్లి, తల్లి ఒళ్ళో పద్నాలుగు నెలల పిల్లవాడు. ఉండేది ఖమ్మంలో. సంక్రాంతి సెలవులకు భద్రాచలం వెళ్ళి, రాములవారి దర్శనం చేసుకుని, అటునుంచి లాంచీలో పాపికొండలు చూసి రావాలని వాళ్ళ ఆలోచన. ఎక్కడో విదేశాల్లో పిల్లలు అమ్మానాన్నలతో పడవెక్కి సముద్రంలో తిమింగలాలను చూడటం ఈ అమ్మాయి టీవీలో చూసిందట. మన గోదావరిలోనూ కనిపిస్తాయేమోనని ఆశ.

ఉండవమ్మా, తిమింగలాలుండేది సముద్రంలో అని చెప్పాను. తిమింగలం చేప కాదనీ, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుందనీ, పిల్లకు పాలిచ్చి పెంచుతుందనీ, గాలి కోసమే పైకి తేలుతుందనీ చెబితే కళ్ళింత చేసుకుని వింది.

అప్పుడు తల్లి అసలు ప్రశ్న అడిగింది. "వీడిని కూడా తీసుకెళ్ళొచ్చా అండీ? టిక్కెట్టు కూడా అక్కర్లేదన్నారు."

"వద్దమ్మా" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. పెద్దపిల్లకు సరేనని, చిన్నవాడికి వద్దని ఎందుకన్నానో ఈ వారం మీకూ చెబుతాను. సెలవులు రాగానే పిల్లాపాపలతో పాపికొండలకు బయలుదేరే కుటుంబాలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. వెళ్ళవద్దని నేననను. కొండల మధ్య గోదావరిని పిల్లలు చూడవలసిందే. కాని ఏం చూసుకుని వెళ్ళాలో తెలుసుకుని వెళ్ళండి.

వెళ్ళేది ఎప్పుడు?

భద్రాచలం నుంచి కూనవరం, వి.ఆర్.పురం మీదుగా పోచవరం చేరి లాంచీ ఎక్కుతారు. ఈ మండలాలు ఒకప్పుడు ఖమ్మం జిల్లావే. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అక్కడినుంచి రెండువైపులా కొండలు దగ్గరవుతూ వస్తాయి. అంత పెద్ద నది కొండల సందున ఇరుక్కుని పారుతుంది. చూడటానికి అందం అదే, ప్రమాదమూ అదే. వెడల్పు తగ్గినచోట లోతు, వడి పెరుగుతాయి.

కాబట్టి కార్తీకం దాటి, వానలు వెనకబట్టి, నది నెమ్మదించిన చలికాలమే పిల్లలతో వెళ్ళడానికి మంచికాలం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టులో నీరు 75 అడుగులు దాటింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. హెచ్చరిక ఎత్తేశారు కదా అని మర్నాడే పిల్లల్ని లాంచీ ఎక్కించకండి. నీరు ఎర్రగా, సుడులు తిరుగుతూ, మానులు కొట్టుకొస్తూ ఉంటే అది విహారానికి సమయం కాదు.

2019 సెప్టెంబరు 15 చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేవీపట్నం వైపునుంచి పాపికొండలకు బయలుదేరిన లాంచీ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. అందులో డెబ్బైమందికి పైగా ఉన్నారు. సుమారు యాభైమంది పోయారు. వాళ్ళూ మనలాగే పిల్లలతో, పులిహోర పొట్లాలతో సరదాగా బయలుదేరినవాళ్ళే. ఆనాడు గోదావరి వరద మీద ఉంది. మునిగిన లాంచీని పైకి తీయడానికి నెలకు పైగా పట్టింది. ఆ తరువాత లాంచీలను కొన్నాళ్ళు ఆపి, నియమాలు బిగించి, మళ్ళీ అనుమతించారు.

అంతకు ముందు 2018 మే 15న మంటూరు దగ్గర ఈదురుగాలికి ఇంకో లాంచీ మునిగింది. గాలివానకు తలుపులు, కిటికీలు మూసుకుని లోపల ఉన్నవారికి బయటపడే దారి లేకపోయింది. అందుచేత పిల్లలతో ఉన్నప్పుడు నాలుగువైపులా మూసి ఉన్న కింది గదిలో కూర్చోకండి. దారికి దగ్గరగా కూర్చోండి. ఎండాకాలం సాయంత్రాలలో ఆకాశం నల్లబడుతుంటే ప్రయాణం మానుకోండి. టిక్కెట్టు డబ్బు పోతే పోనివ్వండి.

చంటిపిల్లలను ఎందుకు వద్దన్నాను?

మొదటి కారణం జాకెట్టు. లాంచీలలో ఉండే లైఫ్ జాకెట్లు ఎక్కువగా పెద్దవాళ్ళ కొలతవి. పది కిలోల పిల్లవాడికి అది తొడిగితే నీళ్ళలో జాకెట్టు తేలుతుంది, పిల్లవాడు అడుగునుంచి జారిపోతాడు. "నేను ఎత్తుకునే ఉంటానండీ" అంటుంది తల్లి. లాంచీ ఒరిగిన క్షణంలో మనిషి చేతులు తమకు తెలియకుండానే విడిపోతాయి. ఇది ప్రేమ తక్కువై కాదు, శరీర స్వభావం. పిల్లవాడిని చీరకొంగుతో ఒంటికి కట్టుకోవడం, తమ జాకెట్టు లోపల దూర్చడం మరీ ప్రమాదం. ఇద్దరికీ ఊపిరాడదు.

రెండవ కారణం దూరం. కొండల మధ్య గంటల తరబడి ఉంటారు. ఫోను అన్నిచోట్లా పలకదు. చంటివాడికి విరేచనాలు పట్టుకున్నా, జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చినా, ఒడ్డుకు చేరి, వాహనం దొరికి, ఆసుపత్రి చేరేసరికి ఎంత పొద్దు పోతుందో ఆలోచించండి.

అందుచేత పిల్లవాడి బరువుకు సరిపోయే జాకెట్టు మీ చేతిలో ఉంటే తప్ప, మూడేళ్ళ లోపు వాళ్ళను లాంచీ ఎక్కించకపోవడమే మంచిదని నా సలహా. నెలలు నిండుతున్న గర్భిణులు, గుండెజబ్బు ఉన్న పెద్దలు కూడా తమ డాక్టరును అడిగిన తరువాతే బయలుదేరాలి. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలుంటే మందు ఒక్క పూట కూడా తప్పకూడదు. రాత్రి నిద్ర చెడితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలరు తల్లి చేతిసంచిలో ఉండాలి. బస్సులో వదిలిన పెట్టెలో ఉంటే దానివల్ల ప్రయోజనం లేదు.

జాకెట్టు అలంకారం కాదు

లాంచీ ఎక్కగానే అందరూ జాకెట్టు వేసుకుంటారు. అరగంట కాగానే ఉక్కగా ఉందని ఒకరు, భోజనానికి అడ్డమని ఒకరు, ఫొటోలో బాగుండదని ఒకరు విప్పేస్తారు. పెద్దలు విప్పితే పిల్లలూ విప్పుతారు. సీటు కింద ఉన్న జాకెట్టు ప్రాణం కాపాడదు. లాంచీ మునగడానికి పట్టే సమయంలో జాకెట్టు వెతికి తొడుక్కోవడం ఎవరి తరమూ కాదు.

పిల్లలకు వేసేటప్పుడు ఇలా చూడండి. జాకెట్టు మీద ఎంత బరువువారికో రాసి ఉంటుంది, చదవండి. పట్టీలన్నీ బిగించండి. తరువాత భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. జాకెట్టు గడ్డం, చెవులు దాటి పైకి వస్తే అది ఆ పిల్లకు వదులు. ఇంకొకటి అడగండి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్న జాకెట్టు పిల్లలకు మేలు. అది జారిపోనివ్వదు. గాలి ఊదే రబ్బరు ట్యూబులు, చేతులకు తొడిగే గాలిబుడగలు ఆటవస్తువులే. అవి జాకెట్టుకు బదులు కావు.

సరిపోయే జాకెట్టు లేదని లాంచీవారు చెబితే "ఫరవాలేదులే" అనకండి. దిగిపోండి. అలాగే లెక్కకు మించి జనాన్ని ఎక్కిస్తున్నా దిగిపోండి. పాపికొండలు కనిపించగానే అందరూ ఒకేవైపుకు పరుగెత్తితే లాంచీ ఒరుగుతుంది. మీ పిల్లల్ని కూర్చున్నచోటే కూర్చోబెట్టి చూపించండి. ఇంజను పక్కన, పొగ వచ్చేచోట కూర్చోబెట్టకండి. ఆ పొగకు తలనొప్పి, వికారం వస్తాయి. పాటల పెట్టె పక్కన కూడా వద్దు. అంత మోత పసిచెవులకు మంచిది కాదు.

వాంతులు ఎందుకు వస్తాయి?

చాలామంది తల్లులు పైత్యం అంటారు. నిజానికి ఇది చెవికి, కంటికి వచ్చిన తగాదా. మన లోపలి చెవిలో శరీరం కదలికలను పసిగట్టే అమరిక ఉంది. బస్సు మలుపులు తిరుగుతుంటే చెవి "కదులుతున్నాం" అని మెదడుకు చెబుతుంది. అదే సమయంలో పిల్లవాడు తల వంచి ఫోను చూస్తుంటే కన్ను "కదలడం లేదు" అని చెబుతుంది. ఈ రెండు కబుర్లు పొసగక మెదడు తికమకపడి వాంతి తెప్పిస్తుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లల్లో ఇది ఎక్కువ. పెరిగేకొద్దీ తగ్గుతుంది.

నిజం చెప్పాలంటే గోదావరి మీద లాంచీ పెద్దగా ఊగదు. పిల్లలకు వాంతులయ్యేది ఎక్కువగా అడవిదారిలో, బస్సులో. కాబట్టి ముందు సీట్లలో కూర్చోబెట్టండి. దూరంగా ఉన్న కొండను చూడమనండి. ఫోను, బొమ్మల పుస్తకం లాక్కోండి. కిటికీ తెరవండి. ఖాళీ కడుపుతో బయలుదేరదీయకండి, అలాగని నూనె పూరీలు, పాలు దట్టించకండి. రెండు ఇడ్లీలు చాలు. అల్లం ముక్క, నిమ్మకాయ వాసన కొందరికి ఊరట ఇస్తాయి, తప్పులేదు.

ప్రతిసారీ వాంతులయ్యే పిల్లలకు మందులున్నాయి. బయలుదేరడానికి అరగంట, గంట ముందు ఇవ్వాలి. వాంతి మొదలయ్యాక ఇస్తే లాభం తక్కువ. ఈ మందులు మత్తు కలిగిస్తాయి. కొన్నిటిని రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. అందుచేత పక్కింటివారి మాట మీద, పెద్దవాళ్ళ మాత్రలో సగం విరిచి వేయకండి. మీ డాక్టరును అడిగి పిల్ల బరువును బట్టి వాడండి.

ఎండ, నీళ్ళు, తిండి

చలికాలమే కదా అనుకుంటాం. నది మీద ఎండ పైనుంచీ పడుతుంది, నీటి మీద నుంచి తిరిగీ కొడుతుంది. చల్లగాలి వేస్తుంటే చురుకు తెలియదు. టోపీ, పొడుగు చేతుల నూలుచొక్కా వేయండి. దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకూ నీళ్ళు తాగించండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఇంటినుంచే తీసుకెళ్ళండి. లాంచీలో మరుగుదొడ్డి బాగుండదని ఆడపిల్లలను నీళ్ళు తాగనివ్వని తల్లులున్నారు. అది తప్పు. మూత్రంలో మంట, తలనొప్పి అక్కడే మొదలవుతాయి. ఎక్కేముందు ఒడ్డున ఒకసారి పంపండి, చాలు.

బొంగులో చికెన్ అక్కడి ప్రత్యేకత. తినండి, కాని ముక్క విరిచి చూడండి. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే పిల్లలకు పెట్టకండి. వేడివేడిగా పొగలు వస్తున్నదే మంచిది. కోసి ఉంచిన పండ్లు, చట్నీలు, ఐసు వేసిన రసాలు వద్దు. చేతులు సబ్బుతో కడిగించండి. నదినీళ్ళు కళ్ళకు తేటగా కనిపించినా తాగేవి కావు.

విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం ఒక లీటరు నీళ్ళలో పూర్తిగా కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పొట్లాన్ని సగం సగం కలపకండి. అది లేకపోతే లీటరు కాచిన నీళ్ళలో సమంగా తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. కొలత తప్పకూడదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. పిల్ల మగతగా ఉన్నా, కళ్ళు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇసుక తిన్నె మోసం చేస్తుంది

పేరంటాలపల్లిలో శివాలయం, కొల్లూరు వైపు వెదురు గుడిసెలు, తెల్లని ఇసుక తిన్నెలు. లాంచీ ఆగగానే పిల్లలు నీళ్ళలోకి దూకుతారు. మునిగిపోయే ముప్పు లాంచీలో కంటే ఇక్కడ తక్కువేమీ కాదు. మోకాలి లోతు అనుకున్నచోట తరువాతి అడుగే నిలువు లోతు కావచ్చు. కాళ్ళకింద ఇసుక కదిలిపోతుంది. ఈత వచ్చినవారినీ పారే నీరు లాక్కుపోతుంది. ఒక్కొక్క పిల్లకూ ఒక్కొక్క పెద్ద మనిషి కాపలా అని ఒడ్డు దిగకముందే పంచుకోండి. "అందరూ చూస్తున్నారులే" అనుకుంటే ఎవరూ చూడరు.

ఇంకో మాట. మునిగిపోయే పిల్ల సినిమాల్లో లాగా చేతులూపి కేకలు పెట్టదు. నోరు నీటి మట్టానికి రాగానే గొంతు పెగలదు. సడి లేకుండా, నిమిషంలోపే మునిగిపోతుంది. పిల్లలు ఉన్నట్టుండి చప్పుడు మానేశారంటే వెంటనే చూడండి.

మునిగిన పిల్లను బయటికి తీస్తే

కొన్ని జాతుల తిమింగలాలు గంటకు పైగా ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఉండగలవు. మన మెదడుకు నాలుగైదు నిమిషాలు గాలి అందకపోతే చాలు, దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే ఒడ్డున ఉన్నవారే మొదటి వైద్యులు. ఇది చదివి వదిలేయకండి, ఇంట్లో అందరికీ చెప్పండి.

ఈత రానివారు వెంట దూకకండి. తాడు, చీర, ఖాళీ డబ్బా, జాకెట్టు ఏదైనా విసరండి. బయటికి తీయగానే కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, బొజ్జ నొక్కడం, గిరగిరా తిప్పడం చేయకండి. ఆ నీళ్ళు కక్కించే ప్రయత్నంలోనే విలువైన నిమిషాలు పోతాయి. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది కూడా.

ఊపిరి ఉందా అని చూడండి. ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేకపోతే గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కు వంచి, గడ్డం ఎత్తండి. ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి, ఛాతీ లేచేలా 5 సార్లు గాలి ఊదండి. కదలిక, ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ అరచేతి మడమతో 30 సార్లు నొక్కండి, తరువాత 2 సార్లు ఊదండి. ఛాతీ మందంలో మూడోవంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. ఊపిరి వచ్చేదాకా, సహాయం అందేదాకా ఆపకండి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

పిల్ల లేచి కూర్చున్నా ఇంటికి కాదు, ఆసుపత్రికే. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తరువాత ఆయాసం తెప్పించవచ్చు.

తిరిగి వచ్చాక జ్వరం వస్తే

ఇది చాలామంది మరచిపోయే సంగతి. మునుపటికంటే బాగా తగ్గినా, అడవి ఏజన్సీ గ్రామాలలో మలేరియా ఇంకా పూర్తిగా పోలేదు. ఆ దోమ చీకటిపడ్డాక కుడుతుంది. రాత్రి వెదురు గుడిసెల్లో బసచేస్తే దోమతెర తప్పనిసరి. సాయంత్రం నుంచి ఒళ్ళంతా కప్పే బట్టలు వేయండి. చీకట్లో నడిచేటప్పుడు చెప్పులు, టార్చిలైటు మరవకండి, పాముల కోసం. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, పసరు వేయడం వద్దు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

దోమ కుట్టిన మర్నాడే జ్వరం రాదు. సాధారణంగా వారం, రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. అప్పటికి మీరు ఊరికి చేరి, పిల్ల బడికి వెళుతూ ఉంటుంది. జ్వరం వస్తే జలుబు జ్వరమని సిరప్పు పోస్తారు. అడవి ప్రాంతాల్లో కనిపించే ఫాల్సిపారం రకం మలేరియా ఆలస్యమైతే మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. సకాలంలో కనిపెడితే పూర్తిగా నయమవుతుంది. కాబట్టి తిరిగి వచ్చిన నెలా రెండు నెలలలోపు ఏ జ్వరం వచ్చినా డాక్టరుకు మొదటి మాటగా "ఏజన్సీకి వెళ్ళి వచ్చాం" అని చెప్పండి. రక్తపరీక్ష అదే రోజు చేయించండి. డాక్టరు అడగలేదని మీరు ఊరుకోకండి.

చివరికి వాళ్ళు వెళ్ళారా?

వెళ్ళారు. నాయనమ్మ, చిన్నవాడు భద్రాచలంలో సత్రంలోనే ఉండిపోయారు. ముసలావిడకు రెండుపూటలా రాములవారి దర్శనం దొరికింది, మనవడికి నిద్ర దొరికింది. తల్లీతండ్రీ పెద్దమ్మాయిని తీసుకుని పోచవరం వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చారు.

తరువాత వారం చిన్నవాడి టీకా కోసం వచ్చినప్పుడు అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది. "తిమింగలం లేదు డాక్టరుగారూ, మీరు చెప్పిందే నిజం. కాని నాన్న ఫొటో కోసం జాకెట్టు విప్పబోతే నేనే విప్పనివ్వలేదు" అంది.

తండ్రి నవ్వాడు. నేను మాత్రం ఆ అమ్మాయిని మెచ్చుకున్నాను. మీరూ బయలుదేరే ముందు రాత్రి పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఈ సంగతులన్నీ చెప్పండి. పెద్దలు మరచినా వాళ్ళు గుర్తుచేస్తారు.